కప్లింగ్ బోల్టులు పట్టేయకుండా ఏ పేస్టు పూయాలి? నా జవాబు పేస్టుతో మొదలవదు

మీది 210 మెగావాట్ల యూనిట్ అన్నారు. పోయిన ఓవర్‌హాల్‌లో, అంటే యూనిట్ ఆపి విప్పి బాగుచేసినప్పుడు, ఎల్‌పీ-జనరేటర్ కప్లింగ్ (లో ప్రెషర్ టర్బైన్ షాఫ్ట్‌నీ జనరేటర్ షాఫ్ట్‌నీ కలిపే జాయింట్) దగ్గర రెండు బోల్టులు రంధ్రాల్లో పట్టేశాయనీ, ఈసారి అలా కాకుండా ఏ యాంటీ సీజ్ పేస్టు వాడాలనీ అడిగారు. టర్బైన్ మెయింటెనెన్స్‌లోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. బోల్టు విప్పే రోజున పట్టేయదు, బిగించిన రోజునే పట్టేసి ఉంటుంది. ఆ సంగతి మీకు కొన్నేళ్ల తర్వాత తెలుస్తుంది, అంతే.

గోదావరి పక్కనున్న ఒక థర్మల్ ప్లాంట్‌లో జరిగింది చెబుతాను. వానాకాలం. జలవిద్యుత్తు బాగా వచ్చే రోజులు కాబట్టి మన దగ్గర పెద్ద ఓవర్‌హాళ్లు చాలావరకు అప్పుడే పెట్టుకుంటారు. ఎల్‌పీ-జనరేటర్ కప్లింగ్ బోల్టులన్నీ మర్యాదగా వచ్చేశాయి, ఒక్కటి తప్ప. దాని నట్టు కూడా సులువుగానే వచ్చింది. బోల్టు మాత్రం వేలెడంత జరిగి ఆగిపోయింది. కాంట్రాక్టర్ మనుషులు రాగి దిమ్మ అడ్డం పెట్టి సమ్మెటతో కొట్టారు, కదల్లేదు. హైడ్రాలిక్ జాక్ పెట్టి ప్రెషర్ పెంచుతుంటే బోల్టు కీచుమని అరిచింది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. ఫ్లోర్ మీద అటు చివర హెచ్‌పీ (హై ప్రెషర్ టర్బైన్) దగ్గరున్న మా ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం.

“ఆపండ్రా! సార్, ఇంక ఒక్క స్ట్రోక్ కూడా ఇవ్వొద్దు. లోపల లోహం లేచింది. లాగేకొద్దీ రంధ్రం కూడా పోతుంది.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బోల్టూ ఉక్కే, అది దూరే ఫ్లాంజూ (షాఫ్ట్ చివర ఉండే చక్రంలాంటి అంచు) ఉక్కే. రెంటి మధ్య సందు 0.02, 0.03 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. అంత బిగువులో ఒక ఇసుక రేణువో, ఒక చిన్న గాటో ఉంటే అక్కడి పైపొర చెదిరి పచ్చి లోహానికి పచ్చి లోహం అతుక్కుంటుంది. ఇంకా లాగితే అతుక్కున్న ముక్క చిరిగి ముద్దగా లేస్తుంది. ఆ ముద్ద రంధ్రాన్ని దున్నుకుంటూ పోతూ ఇంకా లోహాన్ని పోగు చేసుకుంటుంది. అందుకే బోల్టు ఆగిపోయిందంటే బలం పెంచకూడదు. వచ్చిన దారినే కొంచెం వెనక్కి నెట్టాలి, పల్చటి నూనె పోయాలి, నానబెట్టాలి, మళ్లీ కొంచెం లాగాలి. బాబాయ్ అదంతా చేయించాడు. కానీ అప్పటికే సమ్మెట, జాక్ చేయాల్సిన నష్టం చేసేశాయి.

చివరికి ఆ బోల్టు నడిమధ్యలో డ్రిల్ వేయాల్సి వచ్చింది. బేరింగ్ ఉండే పెడెస్టల్‌కీ కప్లింగ్‌కీ మధ్య మనిషి భుజం కూడా సరిగ్గా పట్టని చోటు. అక్కడ డ్రిల్ సెంటర్ తప్పకుండా నిలబెట్టి, బిట్ సైజు పెంచుకుంటూ, బోల్టు పల్చటి గొట్టంలా మిగిలేదాకా తొలిచారు. అప్పుడు గానీ అది లోపలికి నలిగి వదల్లేదు. రంధ్రంలో నిలువునా గీత పడి ఉంది. దాన్ని పెద్దది చేసి, హోనింగ్ చేసి (సానరాళ్లతో లోపల నున్నగా అరగదీసి), ఆ సైజుకి కొత్త బోల్టు తయారు చేయించాం. కొత్త బోల్టు బరువు పెరిగింది కాబట్టి సరిగ్గా దాని ఎదురు రంధ్రాన్ని కూడా అంతే పెంచాల్సి వచ్చింది. వినాయక చవితి అక్కడే గడిచింది. 210 మెగావాట్ల యూనిట్ ఒక్కరోజు ఆగితే ఫుల్ లోడ్ లెక్కన 50 లక్షల యూనిట్ల కరెంటు పోయినట్టు. ఒక్క బోల్టు వల్ల ఎన్ని రోజులు పోయాయో మీరే ఊహించుకోండి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తుంది. ఆ రాత్రి బాబాయ్ పాత ఓవర్‌హాల్ ప్రోటోకాల్ షీట్లు (కొలతలు రాసిపెట్టే కాగితాలు) తెప్పించాడు. కప్లింగ్ రంధ్రాల పేజీలో అన్ని రంధ్రాలకూ ఒకే అంకె రాసి ఉంది, చివరి దశాంశం దాకా ఒకటే. అలాంటి కప్లింగ్ ఈ లోకంలో లేదు. ఏ రంధ్రానికి ఆ రంధ్రం వేరుగా ఉంటుంది, ఒకే రంధ్రంలో ముందు వైపు ఒకలా, వెనక వైపు ఒకలా ఉంటుంది. అంటే రంధ్రం వ్యాసం కొలిచే బోర్ గేజ్ లోపలికి వెళ్లనేలేదు, అంకెలు టేబుల్ దగ్గర పుట్టాయి. ఆ పని చేసినవాళ్లు అప్పటికి ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ పేజీ తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ప్రతి రంధ్రాన్నీ మూడు లోతుల్లో, ఒక్కో లోతులో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి బోర్ గేజ్‌తో కొలిపించండి. బోల్టునీ అదే మూడు చోట్ల మైక్రోమీటర్‌తో కొలవాలి. కొలిచేటప్పుడు పక్కన మీరు నిలబడండి. రెండు ఫ్లాంజ్‌ల రంధ్రాలు కలిసే చోట వేలికి అంచు తగిలితే అలైన్‌మెంట్ మళ్లీ చూసుకోవాలి, లేదా రెంటినీ కలిపి హోనింగ్ చేయాలి. అంతేగానీ బోల్టుని కొట్టి ఎక్కించకూడదు. చేత్తో తోస్తే, మహా అయితే చిన్న చెక్క సుత్తితో తడితే వెళ్లాలి. ఆ అంచు కొన్నిసార్లు యూనిట్ నడుస్తుండగానే పుడుతుంది. గ్రిడ్‌లో పెద్ద ఫాల్ట్ వచ్చినా, యూనిట్‌ని గ్రిడ్‌కి కలిపేటప్పుడు (సింక్రనైజ్) ఫేజ్ తప్పినా షాఫ్ట్ మీద మామూలుకి ఎన్నో రెట్ల మెలి పడుతుంది, ఫ్లాంజ్‌లు ఒకదాని మీద ఒకటి కాస్త జరుగుతాయి. ఆ సంగతి ఆపరేషన్ వాళ్ల లాగ్‌బుక్‌లో ఉంటుంది, మెయింటెనెన్స్ వాళ్లకి ఎవరూ చెప్పరు. ఓవర్‌హాల్‌కి ముందే వెళ్లి అడగండి.

విప్పేటప్పుడు చాలామంది మర్చిపోయే విషయం ఇంకొకటి. బోల్టులు ఒక్కొక్కటే తీస్తూ పోతే రోటార్ల (తిరిగే షాఫ్ట్‌ల) బరువంతా మిగిలిన బోల్టుల మీద పడుతుంది, అవి పిండినట్టు బిగుసుకుంటాయి. ముందు ఎదురెదురుగా ఉన్న జత తీసి, ఆ రంధ్రాల్లో కాస్త సన్నని టెంపరరీ బోల్టులు వేసుకోండి. అవసరమైతే రోటార్‌కి కింద జాక్ ఆసరా ఇవ్వండి.

ఏ బోల్టు ఏ రంధ్రానిదో పంచ్ గుర్తు లేకుండా బయటికి తీయనివ్వకండి. రంధ్రం కొలత కోసమే కాదు, బరువు కోసం కూడా. ఎదురెదురు బోల్టుల మధ్య 100 గ్రాముల తేడా ఉంటే, సెంటర్ నుంచి 300 మిల్లీమీటర్ల దూరంలో, 3000 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 300 కిలోల బలంతో షాఫ్ట్‌ని ఒక పక్కకి లాగుతుంది. తర్వాత వైబ్రేషన్ ఎందుకొచ్చిందని బేరింగులు వెతుక్కుంటారు.

ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ బోల్టులైతే, అంటే రంధ్రం కన్నా వెంట్రుకవాసి లావుగా ఉండేవైతే, లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి వేస్తారు. మైనస్ 196 డిగ్రీల చలికి 75 మిల్లీమీటర్ల బోల్టు మిల్లీమీటరులో పదో వంతుకి పైనే తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. కానీ మన వానాకాలం గాలిలో దాని మీద క్షణాల్లో మంచు పేరుకుంటుంది. తుడవకుండా వేస్తే ఆ తడి లోపలే ఉండి తుప్పవుతుంది. గొయ్యిలాంటి చోట నైట్రోజన్ వాడితే ఊపిరాడదు కూడా, ఫ్యాన్ పెట్టించండి.

పేస్టు విషయానికి వస్తే, మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్నది ఏదైనా సరిపోతుంది. థ్రెడ్లకి పూయండి. బోల్టు ఒంటికి పల్చగా రుద్ది గుడ్డతో తుడిచేయండి. ఫ్లాంజ్ ముఖాలకి మాత్రం అంటనివ్వకండి, అక్కడి రాపిడే చాలా టార్క్ (తిప్పే బలం) మోస్తుంది. అంతకన్నా పేస్టుకి పాత్ర లేదు. గరుకు రంధ్రాన్ని ఏ డబ్బాలోని పేస్టూ నున్నగా చేయదు.

మన ఓవర్‌హాల్ పద్ధతి గురించి కూడా చెప్పకుండా ఉండలేను. టెండర్ తక్కువ రేటు కోట్ చేసినవాడికి పోతుంది. వాడు పోయినసారి వచ్చిన ఫిట్టర్లని ఈసారి తీసుకురాడు. చేతికి పని తెలిసిన మనిషి, రంధ్రంలో వేలు పెట్టి ఎక్కడ గరుకుందో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు దొరకడం లేదు, దొరికినా వాడికి హెల్పర్ రేటే ఇస్తున్నారు. ఇంజనీర్లేమో గంటగంటకీ వాట్సాప్‌లో ప్రోగ్రెస్ ఫొటోలు పెట్టే టెన్షన్‌లో ఉంటారు. హోనింగ్ చేస్తున్న ఫొటోలో ఏమీ కదిలినట్టు కనిపించదు, కాబట్టి ముందు కోత పడేది దానికే.

మీ మేనేజ్‌మెంట్ వింటే హైడ్రాలిక్ బోల్టులు పెట్టించుకోండి. కోన్ ఆకారపు స్టడ్ మీద స్లీవ్ (గొట్టంలాంటి తొడుగు) ఉంటుంది, స్టడ్‌ని లాగితే అది వ్యాకోచించి రంధ్రానికి పట్టుకుంటుంది, వదిలిస్తే స్లీవ్ కుదించుకుని చేత్తో బయటికి వస్తుంది. ఖరీదెక్కువ అంటారు. పైన చెప్పిన 50 లక్షల యూనిట్ల లెక్క వాళ్ల ముందు పెట్టండి. ఒప్పుకోకపోతే కనీసం ఒక పని ఇప్పుడే చేయండి. డ్రాయింగ్‌లో ఉన్న గ్రేడ్ ఉక్కుతో, ఓవర్‌సైజ్‌గా, ఫినిష్ చేయని బోల్టులు రెండు జతలు స్టోర్స్‌కి ఇండెంట్ పెట్టండి. షట్‌డౌన్ మొదలయ్యాక ఆ ఉక్కు కోసం తిరిగితే దొరకదు.