ఎస్సై ఉద్యోగం వదిలి పైలట్ కోర్సులో చేరాలనుకుంటున్నా.. డబ్బు సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 29. తెలంగాణలో 2020 నుంచి ఎస్సైగా చేస్తున్నా. ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్. చేతికి నెలకు 62 వేలు వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 28 వేలు. మూడేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చు 45 వేలు. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 14 లక్షలున్నాయి. 2021లో 14 లక్షలకు కొన్న ప్లాటు ఇప్పుడు 32 లక్షలు పలుకుతోంది. ఒక ఫ్లయింగ్ స్కూల్ కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 52 లక్షలు అడుగుతోంది. ప్లాటు అమ్మి, తక్కువ పడినదానికి నాన్నగారి ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకోవాలనుకుంటున్నా. నెలాఖరులోగా 2 లక్షలు కడితే సీటు ఉంచుతామన్నారు. కట్టేసి రాజీనామా చేయొచ్చా?

జవాబు: రాజీనామా ఇప్పుడు వద్దు. ఆ 2 లక్షలూ కట్టొద్దు. అలాగని పైలట్ ఆలోచన మానుకోమనడం లేదు. మీ వయసుకు, చదువుకు అది అందే దూరంలోనే ఉంది. మీరు వేసుకున్న వరుస మాత్రం తలకిందులుగా ఉంది. అన్నిటికంటే ఖరీదైన పని ముందు పెట్టుకుని, చవగ్గా తేలిపోయే పరీక్షలను తర్వాతకు వదిలేశారు.

ముందు అసలు ఖర్చు చూద్దాం. స్కూల్ చెప్పిన 52 లక్షలకు గ్రౌండ్ క్లాసులు, మెడికల్, పరీక్ష ఫీజులు కలిపి రెండున్నర లక్షలు, రెండేళ్ల హాస్టల్, తిండి, ప్రయాణాలకు మూడున్నర లక్షలు కలపండి. 58 లక్షలైంది. లైసెన్సు చేతికొచ్చినా ఎయిర్‌బస్ 320 లాంటి విమానం నడపాలంటే దానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి. దానికి 18 లక్షలు వేసుకుందాం. ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, మీరు వదులుకునే జీతం. శిక్షణ 12 నెలల్లో అయిపోతుందని కరపత్రంలో ఉంటుంది. వర్షాకాలం, పొగమంచు, విమానం రిపేరు, ఇన్‌స్ట్రక్టర్ల కొరత, పరీక్ష తేదీలు అన్నీ కలిసి చాలామందికి అది రెండేళ్ల దాకా సాగుతుంది. ఉద్యోగం దొరికేదాకా మరో ఏడాది పెట్టుకుంటే మూడేళ్లు. నెలకు 62 వేల చొప్పున 22 లక్షలకు పైనే. వడ్డీ కలిపితే మీ ప్రశ్న విలువ 52 లక్షలు కాదు, కోటి దాటింది.

ఇప్పుడు మీ దగ్గరున్నది చూద్దాం. ప్లాటు 32 లక్షలకు అమ్మితే లాభం 18 లక్షలు. దీర్ఘకాలిక మూలధన లాభంపై 12.5 శాతం పన్ను, సెస్సు కలిపి దాదాపు 2.34 లక్షలు. 2024 జులై 23కు ముందు కొన్నది కాబట్టి ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూపడం) 20 శాతం లెక్కించుకునే వీలూ ఉంది కానీ మీ విషయంలో అది 3 లక్షలు దాటుతుంది, మొదటిదే మేలు. ఒక జాగ్రత్త: కొన్న ధర 14 లక్షలన్నది దస్తావేజులో రాసిన ధరేనా? అందులో 7 లక్షలని ఉంటే కొన్న ధర 7 లక్షలే అని లాభం లెక్కిస్తారు, పన్ను పెరుగుతుంది. అమ్మేటప్పుడు కూడా నగదు ముట్టుకోవద్దు. 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. పైగా మీరు సర్వీసులో ఉండగా స్థిరాస్తి అమ్మాలంటే ప్రవర్తనా నియమావళి ప్రకారం శాఖకు ముందుగా తెలియజేసే పద్ధతి ఉంది. అది వదిలేస్తే రేపు రిలీవింగ్ దగ్గర చిక్కు వస్తుంది.

పన్ను పోను ప్లాటు డబ్బు, మీ 14 లక్షలు కలిపితే 43.6 లక్షలు. ఇందులో 10 లక్షలు పక్కన పెట్టాలి. మీ భార్య జీతం పోను ఇంటికి నెలకు 17 వేలు తక్కువ పడుతుంది, మూడేళ్లకు 6 లక్షలు. మిగతా 4 లక్షలు ఆసుపత్రికో అత్యవసరానికో. అంటే శిక్షణకు మిగిలేది 33.6 లక్షలు. లైసెన్సు వరకే దాదాపు 25 లక్షల అప్పు కావాలి.

విద్యారుణం 11 శాతం వడ్డీకి దొరికిందనుకుందాం. విడతలుగా తీసుకున్నా చదువుకునే రెండేళ్లు, ఆ తర్వాత ఏడాది మారటోరియం (వాయిదాలు కట్టనక్కర్లేని గడువు) ముగిసేసరికి వడ్డీ మరో ఐదున్నర లక్షలై, అసలు 30.5 లక్షలవుతుంది. పదేళ్ల ఈఎంఐ 42 వేలు. ఉద్యోగం దొరికి, టైప్ రేటింగ్ అప్పు కూడా కలిస్తే ఈఎంఐ 67 వేల దగ్గరకు వెళుతుంది. ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్) చేతికి నెలకు లక్షన్నర వస్తే అది కట్టగలరు, అక్కడ భయం లేదు. భయమంతా మధ్యలో ఉంది. కోర్సు ముగిసి ఏడాది గడిచాక బ్యాంకు వాయిదా అడుగుతుంది, ఎయిర్‌లైన్ పిలుపు వచ్చేదాకా ఆగదు. ఆ రోజు మీ ఇంట్లో ఉన్న ఆదాయం 28 వేలు, వాయిదా 42 వేలు. మూడు నెలలు తప్పితే ఖాతా మొండి బాకీ కిందకు వెళుతుంది. తాకట్టులో ఉన్నది మీ నాన్నగారు ఉంటున్న ఇల్లు.

పిలుపు ఆలస్యమవడం అరుదైన సంగతేం కాదు. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2022లో 1,165, 2023లో 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. అందరికీ అదే ఏడాది సీటు దొరకదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు వేల గంటల అనుభవమున్న పైలట్లు ఒక్కసారిగా ఉద్యోగాలు వెతుక్కున్నారు. అలాంటి సమయంలో 200 గంటల కొత్త లైసెన్సుకు వరుసలో చివరి చోటే. ఆగిన ఏడాది ఊరికే గడవదు కూడా. మెడికల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) తాజాగా ఉంచుకోవాలి, చెయ్యి తప్పిపోకుండా కొన్ని గంటలు ఎగరాలి. దానికి విడిగా రెండు మూడు లక్షలు చూసుకోవాలి.

ఇక ఉద్యోగం వదిలితే పోయేవి. స్వచ్ఛంద పదవీ విరమణకు 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. మీది రాజీనామా అవుతుంది, దాంతో గత సర్వీసు లెక్కలోంచి పోతుంది. లియన్ (పాత పోస్టు మీద హక్కు) పెట్టుకుని వెళ్లడం మరో ప్రభుత్వ పోస్టుకు చెల్లుతుంది కానీ ప్రైవేటు ఎయిర్‌లైన్‌కు కుదరదు. తిరిగి ఎస్సై పరీక్ష రాద్దామంటే వయసు దాటి ఉంటుంది. సీపీఎస్ ఖాతాలో ఇప్పటికి 7 లక్షల వరకు ఉంటుందనుకున్నా ఆ డబ్బును శిక్షణకు లెక్కేసుకోకండి. మధ్యలో బయటకొస్తే కనీసం 80 శాతం యాన్యుటీకి (నెలనెలా పింఛను ఇచ్చే పథకం) వెళుతుంది. చేతికి లక్షా 40 వేలు, నెలకు మూడు వేలకు అటూ ఇటూ పింఛను. దానికి బదులు అదే ప్రాన్ (పింఛను ఖాతా) నంబరును సాధారణ పౌరుల విభాగానికి మార్చి ఉంచేయండి, పైలట్ అయ్యాక అందులోనే కొనసాగించొచ్చు. శిక్షణలో చేరేటప్పుడు రాసిచ్చిన బాండు గడువు తీరిందో లేదో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. జీతం లేని సెలవు కూడా అడిగి చూడండి. మంజూరు పూర్తిగా పై అధికారుల చేతిలో ఉంటుంది, సిబ్బంది కొరతలో దొరకడం కష్టమే. కానీ మంజూరు కాకుండా డ్యూటీకి మాత్రం ఎగ్గొట్టొద్దు. చార్జిమెమో పడితే రాజీనామా ఆమోదం ఆగుతుంది. విమానాశ్రయంలోకి వెళ్లే పాసుకు నేపథ్య విచారణ ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆరోగ్య భద్రత కార్డు కూడా ఉద్యోగంతోనే పోతుంది. అందుకే రాజీనామాకు చాలా ముందే కుటుంబమంతటికీ కలిపి 10 లక్షల ఆరోగ్య బీమా (ఫ్యామిలీ ఫ్లోటర్) తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం మూడేళ్ల దాకా ఉండొచ్చు, అది జీతం వస్తున్నప్పుడే మొదలవ్వాలి. అలాగే కోటిన్నరకు టర్మ్ పాలసీ. ప్రపోజల్ ఫారంలో విమానం నడిపే ఆలోచన గురించి అడిగితే దాచకుండా రాయండి, ప్రీమియం కొంత పెరిగినా సరే. వ్యక్తిగత ప్రమాద బీమాను మాత్రం ఇందుకు నమ్ముకోవద్దు. టికెట్ కొన్న ప్రయాణికుడిగా తప్ప మరో రకంగా విమానంలో ఉంటే చాలా పాలసీలు వర్తించవు. శిక్షణ విమానానికి అప్పు చేసి వెళ్లే మనిషికి ఇది ప్రాణంతో సమానమైన షరతు, పాలసీ పత్రంలో ఆ పేరా మీరే చదవండి.

మరి ఏం చేయాలి? యూనిఫాంలో ఉండగానే తేలిపోయే పనులు ముందు చేయండి. మొదటిది మెడికల్. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర మొదటి మెట్టు క్లాస్ 2, ఆ తర్వాత కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన క్లాస్ 1. బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ, ఢిల్లీలోని వైమానిక దళ వైద్య కేంద్రం క్లాస్ 1 చేస్తాయి. ఎస్సై ఎంపికలో పరుగు నెగ్గినంత మాత్రాన ఇది ఖాయం కాదు. ఈసీజీ, వినికిడి, రంగుల గుర్తింపు, చక్కెర, బీపీ అన్నీ చూస్తారు. ఆరేళ్ల నైట్ డ్యూటీలు, బందోబస్తుల తర్వాత బీపీ కాస్త ఎక్కువ చూపిస్తే తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటారు. కొన్ని వేలతో ఇప్పుడే తెలిసేది, 20 లక్షలు కట్టాక తెలుసుకునే వాళ్లున్నారు.

రెండోది పరీక్షలు. ఎయిర్ రెగ్యులేషన్స్, మెటియోరాలజీ, నావిగేషన్, టెక్నికల్ పేపర్లు రాయడానికి ఫ్లయింగ్ స్కూల్లో చేరనక్కర్లేదు. డీజీసీఏ నుంచి కంప్యూటర్ నంబరు (పరీక్షలకు రిజిస్ట్రేషన్ నంబరు) తెచ్చుకుంటే చాలు. మనవాళ్లకు ఇక్కడే ఒక అడ్డంకి వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే దరఖాస్తు తిప్పి పంపే అవకాశం ఉంది. అన్నిట్లో పేరు ఒక్కటయ్యేలా ముందే సరిచేసుకోండి. పాసవడానికి 70 శాతం రావాలి. రెగ్యులేషన్స్‌తో మొదలుపెట్టండి. నావిగేషన్‌కు ఎక్కువ సమయం ఉంచండి, తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది అందులోనే. స్టేషన్ డ్యూటీ చేస్తూ ఇవి పూర్తి చేయడానికి 14 నుంచి 16 నెలలు పట్టొచ్చు. ఈలోగా నెలకు 35 వేలు మిగిల్చినా ఐదున్నర లక్షలు పోగవుతాయి, అప్పు 20 లక్షల లోపుకు దిగుతుంది. అప్పటికి మీకు 31 నిండకపోవచ్చు. ఎయిర్‌లైన్లే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాముల్లో చాలావాటికి 30, 32 దగ్గర వయోపరిమితి ఉంటుంది కాబట్టి అంతకు మించి సాగదీయొద్దు. ఇండియాలో ఎయిర్‌లైన్ పైలట్ 65 ఏళ్ల దాకా ఎగరొచ్చు. ఏడాదిన్నర ఆగినా ముందు 30 ఏళ్లకు పైగా సర్వీసు ఉంటుంది.

ఈ రెండూ దాటితే నా సమ్మతి ఉంటుంది, మూడు హద్దుల లోపల. అప్పు 20 లక్షలు దాటకూడదు. నాన్నగారి ఇల్లు తాకట్టులోకి రాకూడదు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి కాబట్టి ప్లాటునే తాకట్టు పెట్టి, అమ్మకుండా ఎక్కువ అప్పు తీసుకుందామనే ఆలోచన వస్తుంది. అదీ వద్దు, ఈఎంఐ రెట్టింపవుతుంది. ప్లాటు అమ్మి, మిగతాదానికి ఎఫ్‌డీల్లో కొంత హామీగా చూపడం గురించి రెండు బ్యాంకుల్లో అడగండి. మూడోది, ఎయిర్‌లైన్ లెటర్ చేతికి రాకుండా టైప్ రేటింగ్‌కు రూపాయి కట్టొద్దు. సొంత డబ్బుతో ముందే చేసుకుని, వేరే రకం విమానాలున్న కంపెనీలో ఇంటర్వ్యూ వచ్చి నష్టపోయేవాళ్లు ఉంటారు. జీతం స్లిప్పు ఉంది కదా అని ఇప్పుడే పర్సనల్ లోన్ తీసుకోవడం మరీ ప్రమాదం. వడ్డీ ఎక్కువ, మారటోరియం ఉండదు, మరుసటి నెల నుంచే వాయిదా. విద్యారుణం వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు ఎనిమిదేళ్లు ఉంటుంది, అదీ పాత పన్ను విధానంలోనే.

హద్దులు కుదరకపోతే, ఎగరడం మీద ఇష్టాన్ని శాఖలోనే కొంత తీర్చుకునే దారి డ్రోన్. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కోర్సు కొద్ది రోజులే. బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీలోనూ శిక్షణ ఇస్తారు. అది కాక్‌పిట్‌కు సాటి రాదు, ఆ మాట దాచను.

స్కూల్ ఎంపికకు వచ్చేసరికి మీ వృత్తి మీకు పనికొస్తుంది, విచారణ చేసినట్టే అడగండి. ఎగిరే స్థితిలో ఉన్న విమానాలు ఎన్ని, వాటికి విద్యార్థులు ఎంతమంది, పోయిన బ్యాచ్ 200 గంటలు పూర్తి చేయడానికి ఎన్ని నెలలు పట్టింది. జవాబు ఆఫీసులో కాదు, హాస్టల్లో ఉన్న కుర్రాళ్ల లాగ్‌బుక్కుల్లో ఉంటుంది. డీజీసీఏ స్కూళ్లకు ఇస్తున్న శ్రేణి ఏదో చూడండి. 52 లక్షల్లో మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, చెక్ ఫ్లయిట్లు ఉన్నాయా, ఇంధనం ధర పెరిగితే ఎవరు భరిస్తారు అన్నది ఒప్పందంలో ఉండాలి. అందులో 18 శాతం జీఎస్టీ వేసి ఉంటే నిలదీయండి. గుర్తింపు పొందిన స్కూళ్లలో డీజీసీఏ ఆమోదించిన ఫ్లయింగ్ కోర్సులకు జీఎస్టీ లేదని 2024లోనే స్పష్టత ఇచ్చారు. ఎగరకుండానే గంటలు రాసిపెడతామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2011లో నకిలీ పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు అరెస్టయ్యారు.

డబ్బు ఎప్పుడూ ఎగిరిన గంటలకు ముడిపెట్టి విడతలుగానే కట్టాలి. మొదటి విడత 5, 6 లక్షలు మించకూడదు, ఆ తర్వాత ప్రతి 30, 40 గంటలకు ఒకటి. స్కూల్ మూతపడినా, విమానాలు నేల మీదే ఉన్నా మీకు పోయేది ఒక విడతే. ఒకేసారి కడితే రాయితీ ఇస్తామంటారు. ఒప్పుకోకండి. ఇప్పుడు అడుగుతున్న 2 లక్షల రసీదు నమూనా పంపమనండి. అందులో తిరిగి ఇవ్వబడదు అన్న వాక్యం ఉందేమో చూడండి. మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే మొత్తం వెనక్కి ఇస్తామని రాసివ్వమంటే రాసిచ్చే స్కూల్‌కే, క్లాస్ 1 చేతికొచ్చాక, ఆ డబ్బు కట్టండి.