స్వచ్ఛంద సంస్థకు ఎంబీఏ విద్యార్థులు కన్సల్టింగ్ ప్రాజెక్టు ఎలా చేయాలి?

గుంటూరులో ఎంబీఏ చదువుతున్న మీరు, నలుగురు కలిసి ఒక వృద్ధాశ్రమానికో, మున్సిపల్ విభాగానికో ప్రాజెక్టు చేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది, కానీ ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "సంస్థను అభివృద్ధి చేయడం" అనేది ప్రాజెక్టు కాదు. "నిరుడు ఇచ్చిన దాతలు ఈ ఏడాది ఎందుకు ఇవ్వలేదు?" అనేది ప్రాజెక్టు.

మొదటి రెండు వారాలు సలహాలేమీ చెప్పకండి. రసీదు పుస్తకాలు తిరగేయండి, వంటగదిలో కూర్చోండి, లెక్కలు రాసే ఆవిడతో మాట్లాడండి. అసలు సంగతులు అక్కడే తెలుస్తాయి. ఉదాహరణకు, రూ.2,000 దాటిన విరాళం నగదుగా ఇస్తే దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఇది ముందే చెప్పి యూపీఐ ద్వారానో, చెక్కుగానో తీసుకునే ఏర్పాటు చేస్తే దాతకు తర్వాత చిక్కు ఉండదు. అలాగే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులతో పనులు చేపట్టాలంటే సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. ఈ కాగితాలు సరిచూసి పెట్టడం కూడా మంచి కన్సల్టింగే.

ప్రభుత్వ కార్యాలయమైతే కాలేజీ నుంచి అధికారిక లేఖ తీసుకెళ్లండి. లబ్ధిదారుల పేర్లు, ఆధార్ నంబర్లు మీ ల్యాప్‌టాప్‌లోకి అస్సలు ఎక్కించుకోవద్దు.

చివర్లో ఎనభై స్లైడ్ల ప్రజెంటేషన్ ఎవరూ తెరవరు. తెలుగులో రెండు పేజీలు, వాళ్లు రోజూ నింపగల ఒక ఎక్సెల్ షీటు ఇవ్వండి. సెమిస్టర్ అయిపోయాక కూడా ఒకసారి వెళ్లి, అది వాడుతున్నారో లేదో చూసి రండి.