ఫిడేలు, కెమెరా, మూడు వందల మాటలు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. కాలేజీ వార్షిక సంచిక కోసం రాసుకున్న పరిచయం, దానితోపాటు పంపిన ఫొటోలు అందాయి. వాళ్లు 300 మాటలు అడిగితే 400 దాటిందనీ, ఏది కొట్టెయ్యాలో తెలియడం లేదనీ అన్నావు. కొట్టెయ్యాల్సింది చాలానే ఉంది. ఉంచి తీరాల్సింది కూడా ఒకటుంది. దాన్ని నువ్వే గుర్తుపట్టినట్టు లేవు, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతోంది.

నీ మొదటి పేరా ఇలా ఉంది: “నాకు చిన్నప్పటి నుంచీ సంగీతమంటే ప్రాణం. ఫొటోగ్రఫీ అంటే పిచ్చి. సంగీతం నా ఊపిరైతే కెమెరా నా మూడో కన్ను.” ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ కింద నీ పేరు తీసేసి నీ క్లాసులో ఎవరి పేరు పెట్టినా చెల్లిపోతుంది. పరిచయానికి ఇంతకు మించిన లోపం ఉండదు. ఇష్టం ఎంతుందో చెప్పడానికి మనకున్న మాటలు నాలుగో అయిదో. ప్రాణం, పిచ్చి, ఊపిరి, లోకం. అవన్నీ అందరూ వాడి అరగదీసినవే. చేసే పని చెప్పడానికైతే మాటలకు కరువు లేదు. అందుకని ఇష్టం సంగతి పక్కనపెట్టి పని రాయి. పని సరిగ్గా రాస్తే ఇష్టం ఎంతుందో చదివేవాళ్లకే తెలిసిపోతుంది.

నాలుగో పేరా మధ్యలో, బహుశా పెద్దగా ఆలోచించకుండానే, ఒక వాక్యం రాశావు: “మోహన రాగ వర్ణం రెండో కాలం ఎత్తుకోగానే నా కమాను ఫింగర్‌బోర్డు మీదికి జారిపోతుంది, నాదం పలచబడిపోతుంది.” ఉంచి తీరాల్సింది ఇదే. ఫిడేలు వాయించేవాళ్లే ఈ మాట రాయగలరు. వాయిస్తూ తమ చేతిని తాము గమనించుకునే అలవాటున్నవాళ్లే రాయగలరు. దీన్ని తీసుకొచ్చి మొట్టమొదటి వాక్యంగా పెట్టు. “చిన్నప్పటి నుంచీ” అనే మొదలు పూర్తిగా తీసెయ్యి. ఎన్నో ఏట చేరావన్నది ఈ పరిచయానికి అంత ముఖ్యం కాదు.

అలా జారుతుందని చెప్పి ఊరుకోకు, ఎందుకు జారుతుందో కూడా చెప్పు. మొదటి కాలంలో ఒక్కో స్వరానికి కమానును ఎంత పొడుగున లాగుతున్నావో, వేగం రెట్టింపయ్యే రెండో కాలంలోనూ అంతే లాగాలని చెయ్యి చూస్తుంది. అక్కడ ఉన్న సమయం సగమే. భుజం ముందుకు తోస్తుంది, మోచెయ్యి వెనక్కి పోతుంది, తీగల్ని ఎత్తి నిలిపే బ్రిడ్జికి సమాంతరంగా ఉండాల్సిన కమాను ఏటవాలైపోతుంది. ఏటవాలైన కమాను ఒకచోట నిలవదు. ఫింగర్‌బోర్డు వైపు జరిగితే నాదం గాలిపోయినట్టుంటుంది, బ్రిడ్జికి మరీ దగ్గరైతే గరగరలాడుతుంది. వేగం పెరిగేకొద్దీ కమాను మధ్యభాగంలోనే తక్కువ పొడుగు వాడాలనీ, కదలిక మణికట్టు నుంచి రావాలనీ మీ గురువుగారు చెప్పే ఉంటారు. ఇదంతా మూడు వాక్యాల్లో పట్టించవచ్చు. ఆ మూడు వాక్యాలూ చదివినవాళ్లకు నీ ఓపిక ఎలాంటిదో తెలుస్తుంది. “నేను చాలా ఓపికగల అమ్మాయిని” అని విడిగా రాసుకున్నావే, ఆ వాక్యంతో అప్పుడు పనుండదు.

ఫిడేలు గురించి ఏమీ తెలియనివాళ్లకు ఇవన్నీ అర్థమవుతాయా అని నీకు అనుమానం రావచ్చు. వస్తువుకు నిర్వచనం ఇవ్వకుండా, అది చేసే పని చెబితే అర్థమవుతాయి. రోజిన్ అంటే ఏమిటో పాఠంలా వివరించక్కర్లేదు. “కమానుకు రోజిన్ ఎక్కువ రుద్దితే తీగ మీద తెల్లటి పొడి పేరుకుని గరగరమంటుంది, తక్కువైతే కమాను చప్పుడు లేకుండా జారిపోతుంది” అని రాస్తే చాలు, అది ఎందుకు వాడతారో ఎవరికైనా తెలుస్తుంది. అలాగని ఇలాంటి మాటలన్నీ గుప్పించకు. 300 మాటల్లో ఇలాంటివి అయిదుకు మించితే చదివేవాడికి ఆయాసం వస్తుంది. నీకు బిరడాలు తిప్పడం, శ్రుతి కలపడం, స ప స ప తీగల వరస అన్నీ తెలుసు. తెలిసినదంతా ఇక్కడ పెట్టాలనేం లేదు.

లోపం చెప్పుకోవడానికి భయపడకు. కాకపోతే “ఇంకా ఎంతో నేర్చుకోవాలి” అనే వినయం వద్దు, అది మర్యాద కోసం రాసినట్టుంటుంది. కచ్చితమైన లోపం చెప్పు. మోహనంలో అంతర గాంధారం మీద మధ్యవేలు పడాల్సిన చోటికి వెంట్రుకవాసి ముందే ఆగిపోతోంది, అందుకని స్వరం తగ్గి పలుకుతోంది, తంబురా యాప్ పెట్టుకుని ఆ ఒక్క స్వరాన్నే సాగదీసి వాయిస్తూ సరిచేసుకుంటున్నాను అంటే అది నిజమైన వినయం.

ఇక కెమెరా. “ప్రకృతి అందాలనూ మనుషుల భావాలనూ నా కెమెరాలో బంధిస్తాను” అని రాశావు. ఏ ప్రకృతి? ఎవరి భావాలు? నువ్వు పంపిన అయిదు ఫొటోల్లో సూర్యాస్తమయాలు మూడు. వాటిని పక్కన పెట్టు. మిగిలిన రెండే నీవి: విజయనగరం జాతరలో సిరిమానుది ఒకటి, కచేరీలో ఫిడేలు విద్వాంసుడి కుడిచేతిది ఇంకొకటి.

సిరిమాను ఫొటో గురించి రాసేటప్పుడు పైడితల్లి అమ్మవారి వైభవమంతా ఎత్తుకోకు, దానికి వేరే వ్యాసం కావాలి. దసరా తర్వాతి మంగళవారం, మాను చివర ఎత్తున కూర్చున్న పూజారి, వెనక వెలుగుతున్న ఆకాశం. ఇంతే చాలు. తర్వాత నువ్వు పడ్డ ఇబ్బంది రాయి. ఫోను తనంతట తాను వెలుగు లెక్కవేసుకుంటే తెరలో ఎక్కువభాగం ఆకాశమే కాబట్టి దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, పూజారి నల్లటి నీడలా మిగిలిపోతాడు. ఆయన మీద వేలు నొక్కిపట్టి వెలుగు పెంచితే ముఖం కనిపిస్తుంది, కానీ ఆకాశం తెల్లకాగితంలా అయిపోతుంది. రెండూ దక్కవు. ఏది వదులుకోవాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. నువ్వు ఆకాశాన్ని వదులుకున్నావు. ఎందుకు వదులుకున్నావో ఒక్క వాక్యం రాస్తే ఫొటోగ్రాఫరుగా నీ పరిచయం అయిపోయినట్టే. వేళ్లతో లాగి జూమ్ చేయకుండా జనంలో దారి చేసుకుని దగ్గరికి వెళ్లావని నీ ఉత్తరంలో ఉంది, పరిచయంలో మాత్రం లేదు. అది కూడా చేర్చు. అలా లాగిన జూమ్ చాలా ఫోన్లలో ఉన్న బొమ్మనే కోసి పెద్దది చేస్తుంది, వివరం పోతుంది. ఆ సంగతి తెలిసి నడిచి వెళ్లినవాళ్లకూ తెలియక లాగినవాళ్లకూ ఉన్న తేడా చదివేవాళ్లు పసిగడతారు.

రెండో ఫొటోతోనే నీ పరిచయం నిలబడుతుంది. ఎందుకంటే నీ రెండు ఇష్టాలూ అక్కడే కలుస్తున్నాయి. ఇప్పుడు నీ రాతలో సంగీతానికి రెండు పేరాలు, ఫొటోగ్రఫీకి రెండు పేరాలు, మధ్యలో “అలాగే” అనే మాట. ఆ “అలాగే” అతుకు వేసినట్టు కనిపిస్తోంది. నిజానికి అక్కడ అతుకు అవసరమే లేదు. హాల్లో లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడుస్తాయి, కొన్ని ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి అది తెలియదు. షట్టర్ 1/500 సెకను పెడితే కెమెరాకు తెలుస్తుంది, బొమ్మకు అడ్డంగా చారలు పడతాయి. 1/100 గానీ 1/50 గానీ పెడితే చారలు పోతాయి, అయితే వేగంగా కదిలే చెయ్యి చెదిరిపోతుంది. నీ ఫొటోలో విద్వాంసుడి ముఖం, ఎడమచేతి వేళ్లు నిలకడగా ఉన్నాయి, కమాను పట్టుకున్న చెయ్యి మాత్రం పొగలా ఉంది. “కొంచెం బ్లర్ అయింది, క్షమించండి” అని దాని కింద రాశావు! ఆ క్షమాపణ తీసెయ్యి. ఆ చెదిరిన చెయ్యే రెండో కాలం.

ఒక చిన్న లెక్క చూడు. సెకనుకు నాలుగు స్వరాలు పలుకుతుంటే ఒక్కో స్వరానికి దక్కేది పావు సెకను. 1/50 షట్టర్ ఆ స్వరంలో సుమారు పన్నెండో వంతు మాత్రమే తెరిచి ఉంటుంది. అంత కొద్దిసేపట్లో కూడా చెయ్యి చెదిరేంత దూరం కదిలిందంటే ఆ కమాను ఎంత వేగంగా నడిచిందో ఊహించుకోవచ్చు. సరిగ్గా అదే వేగం దగ్గర నీ కమాను జారిపోతోందని, నేను మొదట పెట్టమన్న వాక్యంలో ఉంది. ఆయన చెయ్యి అంత వేగంలోనూ బ్రిడ్జికి సమాంతరంగా ఎలా నిలిచిందో చూడాలనే ఆ ఫొటో తీశానని నాకు రాసిన ఉత్తరంలో చెప్పావు. ఇంత మంచి మాట పరిచయంలో లేకపోవడం నాకు బాధనిపించింది. వినడం, చూడడం, నేర్చుకోవడం మూడూ అందులో ఉన్నాయి.

ఈ మూడు వందల మాటల్నీ సమానంగా పంచకు. ఫిడేలుకు 120 దాకా పోనీ. సిరిమానుకు 60 చాలు. కచేరీ ఫొటోకు 90 ఇవ్వు. మిగిలిన ముప్పైలో నీ పేరు, చదువు, ఊరు వస్తాయి.

ఊరు అన్నాను కాబట్టి చెబుతున్నాను. “సంగీతానికి పుట్టినిల్లయిన విజయనగరంలో పుట్టడం నా అదృష్టం” అన్న వాక్యం వద్దు. అక్కడ సంగీత కళాశాల 1919లో మొదలైందనీ, ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాలనీ, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే ఫిడేలు నేర్పి తర్వాత ప్రిన్సిపాలయ్యారనీ మీ సంచిక చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ గొప్పతనం వాళ్లది, దాన్ని నీ పరిచయానికి నగలా తొడగకూడదు. ద్వారంవారి పాత రికార్డింగు ఏదైనా శ్రద్ధగా విని, ఆ కమాను ఒరవడిలో నీ చెవికి పట్టిన ఒక్క విషయం చెప్పగలిగితే అప్పుడు ఆయన పేరు రాయి. నచ్చిన విద్వాంసులంటూ వరసగా తొమ్మిది పేర్లు ఇచ్చావు, అవి మొత్తం కొట్టెయ్యి. వాటివల్లే ముప్పై మాటలు మిగులుతాయి.

రాసే పద్ధతి చెబుతాను. ఇప్పుడున్న ప్రతిని దిద్దుతూ కూర్చోకు, మూసి పక్కన పెట్టు. కొత్త కాగితం తీసుకుని ఇరవై నిమిషాలు వాక్యాలు లేకుండా విడి విషయాలు మాత్రం రాసుకో: చేతికి తగిలేవి, చెవికి వినిపించేవి, చెడిపోయేవి, తిట్టు తెచ్చిపెట్టేవి. ఇరవై పైన వస్తాయి. వాటిలో మీ క్లాసులో ఇంకొకరు కూడా రాయగలిగినవి కొట్టేస్తూ పో. ఆరో ఏడో మిగిలాక వాక్యాలు మొదలుపెట్టు. మొదటిసారి 500 మాటలైనా రానీ, కంగారు లేదు. మర్నాటి దాకా ముట్టుకోకు. మర్నాడు పైకి చదువు. నాలుక తడబడిన ప్రతిచోటా వాక్యం పొడుగైందో, పుస్తకాల భాష చొరబడిందో అయి ఉంటుంది.

భాష గురించి రెండు ముక్కలు. నీ ప్రతిలో “నేను”, “నాకు”, “నా యొక్క” కలిపి ముప్పై దాకా ఉన్నాయి. “వాయిస్తాను” అన్నప్పుడు ఎవరో తెలుస్తూనే ఉంది. సగానికి పైగా తీసెయ్యి, “యొక్క” అయితే ఒక్కటి కూడా ఉంచకు. షట్టర్, ఫోకస్, జూమ్ లాంటివి నువ్వు రోజూ అనే మాటలే, వాటిని అలాగే ఉంచు. “ఛాయాచిత్రగ్రహణ కళ” అని రాస్తే నీ గొంతు పోయి ఇంకెవరిదో వినిపిస్తోంది.

అచ్చయిన సంచిక ఎక్కడెక్కడికి వెళ్తుందో చెప్పలేం కాబట్టి కొన్ని జాగ్రత్తలు. ఇంటి చిరునామా, ఫోను నంబరు, క్లాసుకు వెళ్లే వేళలు పరిచయంలో రాయకు. గురువుగారి పేరు వేయాలంటే ముందు వారిని అడుగు. కచేరీ విద్వాంసుణ్ని కూడా అడగాలి, నిర్వాహకుల ద్వారా కబురు పంపినా సరిపోతుంది. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపెయ్యి, లేకపోతే ఎక్కడ తీశావో ఆ వివరం ఫొటో ఫైలులోనే దాక్కుని ఉంటుంది. సంచికకు కచేరీ ఫొటో ఒక్కటే ఇవ్వు, ఫిల్టర్లు వద్దు. కింద శీర్షికలో ఏ హాలు, ఏ నెల, ఏ రాగం నడుస్తుండగా తీశావో రాయి. “స్వరాల వేగం” లాంటి పేర్లు పెట్టకు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, అచ్చులో చుక్కలు చుక్కలుగా వస్తుంది. డాక్యుమెంటుగా జతచేసి పంపితే అసలు ఫైలు అలాగే వెళ్తుంది.

కొత్త ప్రతి నాకు పంపేటప్పుడు ఆ ఇరవై నిమిషాల కాగితం కూడా ఫొటో తీసి పంపు. నువ్వు కొట్టేసినవాటిలో ఉంచాల్సినవేమైనా ఉన్నాయేమో చూస్తాను. సంచికవాళ్ల గడువుకు వారం ముందు పంపితే ఇంకోసారి దిద్దుకోవడానికి నీకు సమయం మిగులుతుంది.

ఆశీస్సులతో.