సిమ్యులేటర్ ఇచ్చే జవాబును విద్యార్థి ప్రశ్నించాలి

ప్రశ్న: నేను కెమికల్ ఇంజనీరింగ్ బోధిస్తున్నాను. మా ల్యాబ్‌లో ద్రవ మిశ్రమాన్ని మరిగించి వేరుచేసే డిస్టిలేషన్ కాలమ్ ఒక్కటే ఉంది. అరవై మందిలో దాన్ని స్వయంగా నడిపేది కొద్దిమందే. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనే స్థోమత కళాశాలకు లేదు. కంప్యూటర్ సిమ్యులేషన్‌తో ఈ లోటు తీరుతుందా?
– ఒక అధ్యాపకురాలు, కాకినాడ

జవాబు: ఖర్చు గురించి దిగులు అక్కరలేదు. రసాయన ప్రక్రియ ఎలా నడుస్తుందో కంప్యూటర్‌లో లెక్కించి చూపే డీడబ్ల్యూసిమ్ అనే ప్రాసెస్ సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది; ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు దాన్ని మన కళాశాలల్లో ప్రోత్సహిస్తూ, విద్యార్థులు రూపొందించిన ఫ్లోషీట్లను (ప్రక్రియ మొత్తాన్ని చూపే పటాలను) అందరికీ అందుబాటులో ఉంచుతోంది. అయితే లోటు తీరడమన్నది మీరు దాన్ని ఏ వరుసలో వాడతారన్న దానిని బట్టి ఉంటుంది.

ఇథనాల్, నీటి మిశ్రమాన్నే తీసుకోండి. మొదట గ్రాఫు కాగితం మీద మెకేబ్–థీలే అనే గ్రాఫు పద్ధతిలో ప్లేట్ల (కాలమ్ లోపల ఆవిరి, ద్రవం కలిసే అంతస్తుల) సంఖ్య లెక్క కట్టించండి. తర్వాత అదే కాలమ్‌ను సిమ్యులేటర్‌లో, మిశ్రమాన్ని ఆదర్శ మిశ్రమంగా భావించే రౌల్ట్ నియమంతో నడపమనండి. ప్లేట్లు పెంచేకొద్దీ పైనుంచి దాదాపు స్వచ్ఛమైన ఇథనాల్ వస్తున్నట్లు తెర మీద అంకెలు కనిపిస్తాయి. వాతావరణ పీడనం వద్ద అది అసాధ్యం. ఇథనాల్ బరువులో సుమారు 95.6 శాతానికి చేరినప్పుడు, 78.2 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ మిశ్రమం ఎజియోట్రోప్ అవుతుంది. ఆవిరిలోనూ ద్రవంలోనూ పాళ్లు ఒకటే కావడంతో, ఎన్ని ప్లేట్లు చేర్చినా అంతకు మించి వేరుపడదు. మిశ్రమం ఆదర్శం నుంచి ఎంత తేడాగా ప్రవర్తిస్తుందో లెక్కలోకి తీసుకునే ఎన్‌ఆర్‌టీఎల్ నమూనాకు మార్చగానే ఈ హద్దు తెర మీదికి వస్తుంది. దయచేసి ఈ పొరపాటును ముందుగా చెప్పి తప్పించకండి. విద్యార్థి తానే చేసి, తానే పట్టుకున్నప్పుడే నమూనా ఎంపిక ఎంత కీలకమో మనసుకెక్కుతుంది.

ల్యాబ్‌లో చూపకూడనివి కూడా సిమ్యులేషన్‌లో చూపవచ్చు. 2007లో అమెరికాలోని ఫ్లోరిడాలో టీ2 లేబొరేటరీస్‌లో రియాక్టర్ శీతలీకరణ విఫలమై, చర్య అదుపు తప్పి, పేలుడులో నలుగురు మరణించారు. శీతలీకరణ ఆగితే ఉష్ణోగ్రత ఎంత వేగంగా పెరుగుతుందో తెర మీద లెక్కించి చూసిన విద్యార్థి రేపు ప్లాంటులో మరింత జాగ్రత్తగా ఉంటాడని నా నమ్మకం.

ఇక మీ ఒక్క కాలమ్‌ను ఆఖరి మెట్టుగా ఉంచండి. ఐదారుగురు చొప్పున జట్లు చేసి, పైనుంచి వచ్చే ద్రవంలో ఇథనాల్ ఎంత ఉంటుందో ప్రతి జట్టు సిమ్యులేటర్‌తో ముందే లెక్కగట్టి రాసి ఇవ్వాలి. తర్వాత కాలమ్ నడిపి, సాంద్రతను కొలిచే స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్‌తో ఇథనాల్ పాళ్లు తేల్చి, తేడా ఎందుకు వచ్చిందో ప్లేట్ల సామర్థ్యం, ఉష్ణనష్టం ఆధారంగా వివరించాలి. మార్కులు ఆ వివరణకే వేయండి.