పాఠకుల ప్రశ్నలు: ఏటా డ్రాగన్‌ను చంపే ఊరు

ప్రశ్న: జర్మనీలోని కామ్ పట్టణంలో చదువుకుంటున్న మా అబ్బాయి, ఆగస్టులో పక్కనే ఉన్న ఫుర్త్ ఇమ్ వాల్డ్ అనే ఊళ్ళో ఉత్సవానికి వెళ్ళి, గుర్రం మీది వీరుడు డ్రాగన్‌ను బల్లెంతో పొడుస్తున్న ఫోటోలు పంపించాడు. అది చర్చి పండుగా, నాటకమా అని అడిగితే "రెండూ కాదమ్మా, ఊరి పండుగ" అన్నాడు. అసలు ఇది ఎలా మొదలైందో వివరించగలరు.
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: చర్చి పండుగ కాదన్న మీ అబ్బాయి మాట ఇప్పటికి నిజమే గాని, పుట్టుకలో అది చర్చి పండుగలోని ముక్కే. బవేరియా రాష్ట్రానికి తూర్పు అంచున, చెక్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఆ చిన్న పట్టణంలో దివ్యసత్ప్రసాద పండుగనాడు (సత్ప్రసాదం అంటే కాథలిక్కులు క్రీస్తు శరీరంగా భావించే రొట్టె) వీధుల్లో ప్రదక్షిణ సాగేది. అందులో బైబిలు ఘట్టాలతోపాటు డ్రాగన్‌ను వధించే పునీత జార్జి వేషాన్ని కూడా నడిపించేవారు. ఈ వేడుకకు 1590 నాటి లిఖిత ప్రస్తావన ఉంది. డ్రాగన్ నోట్లో రక్తం నింపిన తిత్తిని దాచేవారు. బల్లెం గుచ్చుకోగానే తిత్తి పగిలి రక్తం చిమ్మేది, జనం తోసుకుంటూ వచ్చి దాన్ని గుడ్డలకు అద్దుకొని పోయేవారు. ఆ గుడ్డను అవిసె చేలో పరిస్తే పంట బాగా వస్తుందని రైతుల నమ్మకం. పొలి చల్లే ఆచారం ఎరిగిన మన పల్లెల వారికి ఇది వింతగా తోచదు.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. ప్రదక్షిణలో అందరి కళ్ళూ సత్ప్రసాదం మీద ఉండవలసింది పోయి డ్రాగన్ మీద ఉంటున్నాయని మతాధికారులు నొచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు. వారికి, ఊరివారికి మధ్య చాలాకాలం సాగిన పెనుగులాట తరువాత, 1878లో డ్రాగన్ వధ ప్రదక్షిణ నుంచి విడిపోయి, క్రమంగా ఆగస్టు నెల ఉత్సవంగా స్థిరపడింది. దాని పేరు ద్రాఖన్‌ష్టిష్, అంటే డ్రాగన్‌ను పొడవడం.

ఇప్పుడు పట్టణ కూడలిలో ఆడే నాటకంలో పునీత జార్జి లేడు, ఉదో అనే యోధుడు ఉన్నాడు. కథాకాలం 1431. ఆ ఏడాది ఆగస్టులో, సరిహద్దుకు అవతల దొమాజ్‌లిత్సె దగ్గర, చెక్ మతసంస్కర్త యాన్ హుస్ అనుచరులైన హుస్సైట్ల మీదికి వెళ్ళిన క్రూసేడు, అంటే కాథలిక్ మతయుద్ధ, సైన్యం కకావికలై పారిపోయింది. ఆ యుద్ధకాలపు భయమూ ద్వేషమూ డ్రాగన్ రూపంలో అడవి నుంచి బయటికి వచ్చినట్టు నాటకం చూపిస్తుంది. సరిహద్దు ఊరు తన సొంత జ్ఞాపకాన్ని పాత కథకు అతికించుకోవడం నాకు ఎంతో సమంజసంగా కనిపిస్తుంది.

ఇక ఆ డ్రాగన్ సంగతి. 2010 నుంచి ఆడుతున్నది నాలుగు కాళ్ళతో నిజంగా నడిచే యంత్రం, పేరు త్రాదిన్నో. సంప్రదాయం, నవ్యత అనే రెండు మాటలను కలిపి ఆ పేరు పెట్టారు. పొడవు 15 మీటర్లకు పైగా, బరువు 11 టన్నులు. నడిచే రోబోల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాన్ని దూరం నుంచి కొందరు నిపుణులు కలిసి నడిపిస్తారు. ఇళ్ళ వరసల మధ్య అది ఒక్కొక్క పాదమే ఎత్తి దించుతూ, రెప్పలాడిస్తూ, నోటితో మంట చిమ్ముతూ వస్తుంటే, దానికి ఎదురుగా గుర్రాన్ని నిలబెట్టడమే ఉదో వేషధారికి అసలు పరీక్ష. మన రావణుడు ఏడాదికి ఒక్కసారే కాలిపోతాడు, ఆ డ్రాగన్‌కు మాత్రం ఒక్క ఆగస్టులోనే పలుమార్లు చావు తప్పదు. మిగతా కాలంలో అది ఊళ్ళోనే "డ్రాగన్ గుహ" అనే ప్రదర్శనశాలలో ఉంటుంది.

ప్రశ్న: బవేరియా ఉత్సవమంటే బీరు పండుగే అనుకున్నాను. మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌కూ దీనికీ సంబంధం ఉందా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చరిత్రపరంగా లేదు. ఫుర్త్‌లోనూ ఆ రోజుల్లో బీరు గుడారం వెలుస్తుంది, లీటరు గాజు కూజాలు కనిపిస్తాయి, కాని ఊరు కదిలేది డ్రాగన్ కోసమే. అక్టోబర్‌ఫెస్ట్ సైతం బీరుతో మొదలైనది కాదు. 1810 అక్టోబరులో యువరాజు లుడ్విగ్, తెరేసాల పెళ్ళి సంబరంగా నగరం బయటి మైదానంలో గుర్రప్పందెం పెట్టారు. ఏటేటా అదే కొనసాగి, చివరికి పందెం ఆగిపోయింది, గుడారాలు మిగిలాయి. పెళ్ళికూతురి పేరు మాత్రం ఆ మైదానానికి నేటికీ ఉంది: తెరేసియన్‌వీజె, అంటే తెరేసా పచ్చిక.