ముందు రిబ్బన్ చూడు, ముఖం తర్వాత

అమ్మా,

నీ ఉత్తరం, వ్యాసం, ఫోటో మూడూ అందాయి. బెర్లిన్ సంతలో పాత కార్డుల పెట్టె ముందు చలిలో గంటసేపు నిలబడి ఆ ఫోటో ఏరుకున్నానని రాశావు. ఈ పనికి కావలసిన ఓపిక నీలో ఉందని ఆ ఒక్క మాటతో తెలిసింది. వ్యాసం కూడా ఆపకుండా చదివించింది. రెండో పేరా దగ్గర మాత్రం నా కళ్లు ఆగిపోయాయి. ఫోటోలో ఉన్నాయనకి నువ్వు ఒక పేరున్న జర్మన్ జనరల్ పేరు పెట్టేశావు. ఆధారంగా చూపించింది మీసాలూ, చూపూ.

జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్‌ని చూసి ఆ రోజుల్లో ఎందరో ఆఫీసర్లు మీసాలు పైకి మెలేసుకున్నారు. స్టూడియోవాళ్లు అందరినీ ఇంచుమించు ఒకే వాలులో కూర్చోబెట్టి, పెన్సిల్‌తో ముడతలు చెరిపేసేవారు. అలాంటి ముఖం మీద అంత భారం మోపకు. ముందు గుడ్డ చదువు, లోహం చదువు.

నీ ఫోటోనే తీసుకుందాం. భూతద్దం పెట్టి నిన్న సాయంత్రమంతా దాంతోనే గడిపాను. భుజపట్టీ మీద తాళ్లు పక్కపక్కన సాపుగా పరిచి ఉంటే లెఫ్టినెంట్ నుంచి కెప్టెన్ దాకా ఎవరైనా కావచ్చు. జడలా అల్లి ఉంటే మేజర్, ఆ పైవాళ్లు. నీ ఫోటోలో ఉన్నాయనది అల్లిక, నక్షత్రం లేదు. అంటే మేజర్. ఒక నక్షత్రముంటే లెఫ్టినెంట్ కల్నల్, రెండుంటే కల్నల్. జనరళ్ల అల్లికలో బంగారు దారం, వెండి దారం కలిసి ఉంటాయి, చూడగానే తేడా తెలుస్తుంది. నువ్వు జనరల్ అని రాసిన మనిషి ఆ ఫోటో దిగేనాటికి జనరల్ కాడు.

ఇక ఛాతీ మీద మూడు పతకాలు. మొదటిది తెల్ల రిబ్బన్ మీద రెండు ముదురు చారలున్న శిలువ, అప్పటి జర్మనీలో పెద్ద రాజ్యమైన ప్రష్యా రాజు ఇచ్చే రెడ్ ఈగిల్ ఆర్డర్ అనే గౌరవం, నాలుగో తరగతి. రెండోదానికి ‘తెల్ల రిబ్బన్’ అని రాశావు. మూడోదానికి ‘నల్ల రిబ్బన్’ అని రాసి, ఎవరి సంతాపానికో ఇచ్చి ఉంటారని ఊహించావు. ఇక్కడే నీకు ఫోటోగ్రఫీ సంగతి ఒకటి తెలియాలి. అప్పటి ప్లేట్లకి నీలం బాగా అందేది, ఎరుపు అందేది కాదు, పసుపు అంతంతమాత్రమే. అందుకే నీలం వెలిసిపోయి తెల్లగా, పసుపు నల్లగా దిగేవి. నీ ‘తెల్ల’ రిబ్బన్ నీలిది, ‘నల్ల’ రిబ్బన్ పసుపుది. పసుపు రిబ్బన్ మీద గుండ్రటి పతకం రెండో విల్హెల్మ్ తాత, మొదటి విల్హెల్మ్ చక్రవర్తి శతజయంతికి 1897 మార్చిలో ఇచ్చినది, ఆనాడు కొలువులో ఉన్నవాళ్లకి దక్కింది. నీలి రిబ్బన్ మీద బంగారు రంగు శిలువ మాత్రం రెండింటిలో ఏదైనా కావచ్చు: పాతికేళ్లు కొలువు చేసిన ఆఫీసరుకిచ్చే శిలువ, లేదా ప్రష్యావాళ్లదే మరో గౌరవం, క్రౌన్ ఆర్డర్ నాలుగో తరగతి. మధ్య బిళ్ళలో కిరీటం ఒక్కటే ఉంటే క్రౌన్ ఆర్డర్. కిరీటం కింద రాజు పేరు అక్షరాలు అల్లుకుని ఉంటే సర్వీసు శిలువ. నా కంటికి అక్షరాల్లాగే కనిపిస్తున్నాయి.

యుద్ధంలో చేసిన సేవకిచ్చే ఐరన్ క్రాస్ పతకం లేదు చూశావా? లేకపోవడం కూడా సాక్ష్యమే. 1914లో మొదలైన యుద్ధంలో రెండో తరగతి ఐరన్ క్రాస్ సుమారు 50 లక్షల మందికి ఇచ్చారు. యుద్ధంలో పనిచేసిన మేజర్ అది లేకుండా ఫోటో దిగడం అరుదు. కాబట్టి నీ ఫోటో 1897కీ 1914కీ మధ్యది. పతకం ఇలా పంచాంగంలా పనికొస్తుంది. మన చెన్నపట్నం మీద 1914 సెప్టెంబర్ 22 రాత్రి గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ కెప్టెన్ ఫాన్ ముల్లర్‌నే చూడు. ఆయనది నౌకాదళం, అయినా సూత్రం ఒకటే. మెడలో నీలి శిలువ ‘పూర్ ల మెరీట్’, అంటే యుద్ధంలో గొప్ప పని చేసిన ఆఫీసరుకి ప్రష్యా ఇచ్చిన పెద్ద గౌరవం, వేలాడుతున్న ఆయన ఫోటో కనిపిస్తే అది 1914 నాటిది కాదు. ఆ గౌరవం ఆయనకి 1918లో వచ్చింది.

‘జర్మన్ సైన్యం’ అని ఒకటే మాట వాడావు. జర్మన్ సామ్రాజ్యంలోని ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబెర్గ్ రాజ్యాలు నాలుగింటికీ వేరు వేరు యుద్ధ మంత్రిత్వ శాఖలుండేవి. టోపీ మీద గుండ్రటి రంగు బిళ్ళ ఏ రాజ్యమో చెబుతుంది: ప్రష్యాది నలుపు తెలుపు, బవేరియాది తెలుపు నీలం, సాక్సనీది తెలుపు ఆకుపచ్చ, వుర్టెంబెర్గ్‌ది నలుపు ఎరుపు. ఇది తెలియకపోతే తప్పు ఊరి తలుపు తడతావు. బవేరియా కాగితాలు మ్యూనిక్‌లో భద్రంగా ఉన్నాయి. ప్రష్యా సైనిక దస్తావేజుల్లో చాలా భాగం 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్ మీద పడిన బాంబులకి కాలిపోయాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది. అందుకే ప్రష్యా ఆఫీసర్ల విషయంలో ఏటేటా అచ్చయిన ర్యాంకుల జాబితాలే మనకి దిక్కు. వాటిలో రెజిమెంటు వారీగా పేర్లు, ప్రతి పేరు పక్కన అతని పతకాల గుర్తులు ఉంటాయి.

పేర్లూ నిలకడగా ఉండవు. బవేరియాలో యుద్ధ శౌర్యానికిచ్చే మాక్స్ జోసెఫ్ ఆర్డర్ అందుకున్న సామాన్య కుటుంబీకుడికి ఇంటిపేరు ముందు ‘రిట్టర్ ఫాన్’ అనే బిరుదు చేరేది. తర్వాత ఫీల్డ్ మార్షల్ అయిన విల్హెల్మ్ లీబ్ అలాగే రిట్టర్ ఫాన్ లీబ్ అయ్యాడు. ఒకే మనిషిని ఇద్దరనుకునే ప్రమాదం ఉంది.

పాతికేళ్ల కిందట నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. మొదటి తరగతి ఐరన్ క్రాస్ రిబ్బన్ లేకుండా ఎడమ ఛాతీకి తగిలించేవారు. నా దగ్గరున్న ఫోటోలో శిలువ కుడివైపు ఉంది. అది వేరే దేశపు పతకమని, మనిషి కూడా వేరే దేశస్థుడని రాసి అచ్చుకిచ్చాను. ఫోటో కుడిఎడమలు తిరగబడి ఉందని నాకు తట్టలేదు. కోటు బొత్తాలు ఏ వైపు మూసుకున్నాయో చూసుంటే అప్పుడే తెలిసేది. ఒక పాఠకుడు ఉత్తరం రాసి, ఆయన మా తాతగారు అన్నాడు. ఒక ఇంటి మనిషిని నేను వాళ్లకి కాకుండా చేశాను. ఆ ఉత్తరం ఇంకా నా బల్ల సొరుగులో ఉంది.

అందుకే ప్రస్తుతానికి ఆ పేరు కొట్టెయ్. ఫోటో కింద ‘ప్రష్యా సైన్యంలో మేజర్, 1897–1914 మధ్య, పేరు తెలియదు’ అని రాయి. ఆ తర్వాత రెండు పనులు చెయ్. అట్ట వెనకవైపు స్కాన్ చేసి పంపు, స్టూడియో పేరూ ఊరూ అక్కడ అచ్చయి ఉంటాయి. ఆ ఊళ్లో ఏ రెజిమెంటు ఉండేదో జాబితాల్లో చూద్దాం. భుజపట్టీ మీద మసగ్గా ఒక అంకె ఉంది. ఒకసారి 6 అనిపిస్తోంది, ఒకసారి 8 అనిపిస్తోంది. లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, ఆ ముక్క ఒక్కటే పెద్దగా తీసి పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు