కిటికీలు మూసినా బాబుకి దగ్గెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడలో మెయిన్ రోడ్డు పక్కన ఫ్లాట్. దుమ్ము వస్తుందని కిటికీలు ఎప్పుడూ వేసే ఉంచుతాం, రోజూ ఊడుస్తాం, అయినా మా ఆరేళ్ల బాబుకి రాత్రయితే దగ్గు, ఒక్కోసారి పిల్లికూతలు. దోమలకి కాయిల్ పెడతాం, పూజలో అగరుబత్తీలు, శుక్రవారం సాంబ్రాణి మామూలే. అందరూ ఎయిర్ ప్యూరిఫైయర్ కొనమంటున్నారు, కొనాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్యూరిఫైయర్ సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఈ రాత్రి నుంచే ఆ కాయిల్ ఆపేయండి. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది, అసలు బాధ 2.5 మైక్రాన్ల లోపు ఉండే సన్న నలుసులతో, అంటే మన తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు, నేరుగా ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. పొగలో ఉండేవి దాదాపు అన్నీ ఇవే. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత సన్న నలుసులు వస్తాయని తేలింది, మరి తలుపులన్నీ వేసిన గదిలో బాబు రాత్రంతా అదే పీలుస్తున్నాడు కదా. దోమతెర కట్టండి, కిటికీలకి మెష్ కొట్టించండి.

పూజ మానమని నేనెందుకంటాను, దీపం పెట్టుకోండి, అగరుబత్తి ఒక్కటి చాలు, అదీ బాబు లేని గదిలో కిటికీ తీసి. సాంబ్రాణి మాత్రం దగ్గు తగ్గేదాకా వద్దు. వంటింట్లో తాలింపులు, వేపుళ్ల పొగ కూడా తక్కువేం కాదు, స్టవ్ వెలిగించే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి వంటయ్యాక ఇంకో పావుగంట తిరగనివ్వండి, ఆ ఫ్యాన్ గాలిని బయటికే తోస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. చీపురుతో ఊడిస్తే అడుగున ఉన్న దుమ్ము మళ్లీ గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డే మేలు. రోడ్డు మీద ట్రాఫిక్ తగ్గినప్పుడు కాసేపు కిటికీలు తీయండి, లేకపోతే ఇంట్లో పుట్టిన పొగ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇవన్నీ చేశాక డబ్బులుంటే హెపా ఫిల్టర్ (సన్న నలుసుల్ని కూడా పట్టేసే జల్లెడ లాంటిది) ఉన్న ప్యూరిఫైయర్ బాబు పడుకునే గది సైజుకి సరిపోయేది తీసుకోండి, ఓజోన్ అనే వాయువు వదిలే రకం అసలు వద్దు, దానివల్ల ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. ఇవన్నీ చేస్తున్నా సరే, బాబుకి పిల్లికూతలున్నాయి కాబట్టి ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఉబ్బసం అని చెప్పి ఇన్‌హేలర్ రాస్తే భయపడి మానేయొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.